బెండు రైలు, షాద్‌నగర్ దాకా

నిన్న మా నట్టింట్లో గుట్టలు మొలిచాయి. మా ఇంటి చిన్నపిల్ల, తొమ్మిదేండ్లది, కొత్త ఫ్రిజ్ డబ్బాలో వచ్చిన థర్మాకోల్ పలకలన్నీ ముందేసుకొని, పాత బ్లేడుతో గుట్టలు చెక్కుతూ కూర్చుంది. వాటి చుట్టూ పట్టాలు పరిచి బ్యాటరీ రైలు తిప్పుతుందట. బ్లేడు ఆడినప్పుడల్లా కీచుమని చప్పుడు, నాకు మిగిలిన నాలుగు పండ్లూ జివ్వుమనడం. తెల్లటి పూసలు చీరకు, జుట్టుకు, ఆఖరుకు నా చాయ్‌లో కూడా. "ఇల్లంత ఖరాబు చేస్తున్నవు గదనే" అని కసిరాను. నా కసురు దానికో లెక్కా! "అవ్వా, గుట్టలైనయి, టేషన్ అయింది. గీడ ఇంత జాగా మిగిలింది. గీడ ఏం పెట్టాలె?" అని అడిగింది. పలక చివర మిగిలిన ఆ తెల్లటి జాగా చూసి నేను చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. ఏం పెట్టకు, అట్లనే ఉండనియ్యి అన్నాను. ఎందుకని అడిగింది. పిల్లలకు ఎందుకని అడగడం తప్ప ఇంకేం పని? చెప్పడానికి మాత్రం నాకు నోరు రాలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

నేను అత్తగారింటికి కోడలిగా వచ్చింది నయా పైసలు వచ్చిన కొత్తలో. జడ్చర్ల నుంచి కల్వకుర్తి పోయే బాట మీద ఊరు. గొర్లు కాసుకునే ఇల్లు. మా ఆయన, మామ మందను తోలుకొని నల్లమల దిక్కు పోయారంటే నెలల తరబడి జాడ ఉండదు. ఇంట్లో మిగిలేది అత్త, బావ, బావ భార్య, నేను. బావ భార్యను అక్కా అని పిలిచేదాన్ని. ఏరాండ్లంటే కొట్లాడుకోవాలని లోకంలో ఎవరు పెట్టారో గాని, మా ఇద్దరికీ ఆ తీరిక దొరకలేదు. బావ మందతో పోయేది తక్కువ. ఆయన చేతిలో వేరే పని ఉండేది. చెరువు నీళ్లలో పెరిగే జీలుగు కోసుకొచ్చి, ఎండబెట్టి, పైతోలు ఒలిచి, లోపలి తెల్లటి బెండుతో పెండ్లి బాసింగాలు చేసేవాడు. చుట్టుపక్కల ఊళ్లలో పెండ్లికొడుకు, పెండ్లికూతురు నుదుట కట్టే బాసింగం మా బావ చేతిదే అయ్యుండాలి. పలచని కత్తి పెట్టి ఆయన బెండు కోస్తుంటే కాగితంలాగా చుట్టలు చుట్టలుగా వచ్చేది. థర్మాకోల్‌లా అరిచేది కాదు. చప్పుడు లేని సరుకు అది, మా బావ లాగే.

ఆ రోజుల్లో తమ్ముని భార్య బావ ఎదుట నిలబడేది లేదు. మాట్లాడేది అసలే లేదు. తలుపు చాటున కొంగు కప్పుకొని నిలబడి, "అక్కా, బువ్వ చల్లారుతున్నదని చెప్పు" అనాలి. బావ నాలుగు మూరల దూరంలోనే ఉంటాడు, చెవులకేం తక్కువ లేదు, అయినా అక్క ఆ మాటను మళ్లీ చెప్పాలి. ఆయన జవాబు ఆమెకు చెప్తాడు, ఆమె నాకు చెప్తుంది. మధ్యలో అక్క తన సొంత సరుకు కలిపేది. పప్పులో ఉప్పెక్కువైందని బావ గొణిగితే, "పప్పు మస్తుగున్నదట, ఇంకో గంటెడు వెయ్యమంటున్నడు" అని నాకు చెప్పి, బావ తలపట్టుకుంటే కిసుక్కున నవ్వేది. ఆ నవ్వు వినడానికే బావ వంకలు పెట్టేవాడని నా అనుమానం.

వాళ్లకు ఒక్కతే బిడ్డ. ఏడేండ్లది, నోరు పెద్దది. ఒకసారి తండ్రి వెంట జడ్చర్ల పోయి రైలు చూసి వచ్చింది. అంతే, ఇంట్లో మాకెవ్వరికీ నిమ్మళం లేదు. మేకపిల్లల్ని ఒకదాని వెనక ఒకటి నిలబెట్టి కూత పెట్టేది. మా అక్క అప్పటికి రైలు చూసి ఎరుగదు, నేనూ ఎరుగను. మా ఇద్దరికీ ఆ పిల్లే రైలు పంతులమ్మ. బావ ఏటా వచ్చిన బెండులో తెల్లనివి, వంకర లేనివి ఏరి, బట్టలో చుట్టి దూలానికి కట్టేవాడు. అది ఆ పిల్ల పెండ్లి బాసింగానికి. "నాకు పెండ్లొద్దు నాయినా, గా బెండుతోని రైలు చెయ్యి" అని అది పోరు పెడితే, "పెండ్లి బెండు ముట్టద్దు బిడ్డా" అని నవ్వేవాడు.

ఆ ఏడు సీతాఫలాలు పండే కాలానికి అక్కకు కొడుకు పుట్టాడు. నా ఒళ్లో అప్పటికే పాలు తాగే ఆడపిల్ల. అక్క పురిటి మంచం మీద ఉండగానే పెద్దపిల్లకు జరం తగిలింది. కషాయాలు తాపారు, దిష్టి తీశారు. తగ్గలేదు. మెడ తిప్పలేకపోతుంటే జడ్చర్ల డాక్టరు చూసి, పట్నం దవాఖానకు తీసుకుపొమ్మన్నాడు. బావ బండి కట్టాడు. బాలింత గడప దాటితే బిడ్డకు, తల్లికి ఇద్దరికీ ముప్పని అత్త అడ్డం నిలబడింది. ఆమెను తిట్టుకోను, ఆమెకు తెలిసింది అదే. అక్క లోపలి అర్రలోనే ఉండిపోయింది. బండి కదిలేటప్పుడు ఆ పిల్ల అంత జరంలోనూ తల ఎత్తి, "అమ్మా, నేను రైలెక్కుతున్న!" అని అరిచింది. తల్లి చెవిన పడ్డ బిడ్డ మాట అదే ఆఖరు.

బావ ఒక్కడే తిరిగి వచ్చాడు. భుజం మీద తువ్వాలు, తువ్వాలలో మడిచిన ఎర్ర గౌను. పట్నంలోనే మట్టి చేసి వచ్చాడు. అత్త గోడకు తల కొట్టుకొని ఏడ్చింది, నేను ఏడ్చాను, వాడకట్టు ఏడ్చింది. అక్క ఏడవలేదు. గోడ దిక్కు తిరిగి పడుకుంది. పాలు గడ్డకట్టి రొమ్ములు రాళ్లయినా పసివాణ్ని దగ్గరకు తీసుకోలేదు. వాణ్ని, నా బిడ్డను చెరో పక్కన వేసుకొని నేనే పాలిచ్చాను. నాకా పదిహేడేండ్లు, తినేది జొన్నరొట్టె, ఇద్దరికి ఎక్కడినుంచి వస్తాయి? ఇద్దరూ సగం కడుపుతో గుక్కపట్టేవాళ్లు. వాడు రోజురోజుకీ పిట్టపిల్లలాగా ఎండిపోతున్నాడు. "గిట్లనే ఉంటే తల్లి దక్కదు, పిల్లగాడు దక్కడు" అని అత్త నా చెవిలో అంది.

అక్క మాట్లాడకపోయేసరికి ఇంట్లో ఇంకో చిక్కు వచ్చింది. బావతో మాట్లాడటానికి నాకు దారి లేదు. ఏం చేయను? ఒళ్లో ఉన్న పసివాణ్ని పట్టుకొని, "ఓరి చిన్నోడా, బువ్వ పెట్టిన, తినుమని మీ నాయినకు చెప్పు" అనేదాన్ని. "చిన్నోడా, ఆకలైతలేదని చెప్పురా మీ చిన్నమ్మకు" అని అవతలి నుంచి జవాబు. ఇన్ని రాయబారాలు నడిపినవాడు లోకంలో ఇంకొకడు లేడేమో, వాడికప్పుడు మెడ కూడా నిలబడలేదు.

ఒకనాటి పొద్దున వాడికి పాలిస్తుంటే గోడ దిక్కు నుంచి గొంతు వచ్చింది. ఎవరిదో అనుకున్నాను, అంత పూడిపోయింది. "నా బిడ్డ రైల్ల ఏం జూసిందో అడుగు" అంది అక్క. బావ బయట అరుగు మీద ఉన్నాడు. "చిన్నోడా, మీ అక్క రైల్లకెల్లి ఏం జూసిందని మీ అమ్మ అడుగుతున్నది" అన్నాను. తలుపు సందులోంచి చూస్తే ఆయన నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. లేచి లోపలికి వచ్చి దూలానికి కట్టిన బట్టమూట విప్పాడు.

అత్త చూసి పరుగెత్తుకొచ్చింది. "పెండ్లికని పెట్టిన బెండు రా అది! దాన్ని గిట్ల కోస్తే ఎట్ల?"

"ఇగ ఎవల పెండ్లికమ్మా?" అన్నాడు బావ.

పాత తలుపు చెక్క ఒకటి తెచ్చి అరుగు మీద వేసింది అత్తే.

ఆ చెక్క మీద బావ పట్టాలు పరిచాడు, చీపురుపుల్లలతో. బెండు ముక్కలు చింతగింజల బంకతో ఒకదాని మీద ఒకటి అంటించి, ఆరినాక చెక్కితే పట్టాలకు కుడి పక్కన మా దిక్కు గుట్టలు వచ్చాయి. బండ మీద బండ, ఇప్పుడో ఇంకాసేపటికో పడేటట్టు. తాటిచెట్లు చేశాడు, ఒక చెట్టు మీద కల్లు గీసేటాయన. వాగు మీద వంతెన. దారిలో వచ్చే బాలానగర్ టేషన్లో గంపలు, గంపల్లో ఆవగింజంత సీతాఫలాలు. గుట్ట కింద మేకల మంద. "చిన్నోడా, పసుపు గావాలె" అంటే పసుపు, "బొగ్గు నూరాలె" అంటే బొగ్గు, బీరాకు పసరు, కుంకుమ, అన్నీ తలుపు చాటు నుంచి చెయ్యి చాచి అందించాను. అక్క మొదట్లో వినబడనట్టే పడుకుంది. తర్వాత ఇటు తిరిగి పడుకుంది. తర్వాత లేచి గోడకు ఆనుకుంది. అన్నిటికన్నా ఆఖరున బావ రైలు చేశాడు. కిటికీలన్నీ తెల్లగా ఉంచి, ఒక కిటికీలో మాత్రం ఎర్రటి చుక్క పెట్టాడు.

చెక్కను లోపలికి మోసుకొచ్చి అక్క ముందర పెట్టి, ఆమె ఎదురుగా కూర్చున్నాడు. వేలితో రైలును నెట్టుతూ మాట్లాడాడు. ఆయన అంతసేపు మాట్లాడటం నేనెన్నడూ వినలేదు. "ఇగో, గీ గుట్ట జూసి నాయినా పడిపోతదేమో అన్నది. గీ గీసేటాయనకు చెయ్యి ఊపింది. ఆయన గూడ ఊపిండు. బాలానగర్ల సీతాఫలం కొనిచ్చిన. సగం తిని, సగం తమ్మునికి అన్నది. గీ మేకలను జూసి మనయే అన్నది. మనయి గావు బిడ్డా అంటే ఇనలే." అక్క వేలు రైలు వెనకే పోతోంది. రైలు షాద్‌నగర్ టేషన్ దాటింది. అక్కడి నుంచి చెక్క చివరి దాకా గుట్ట లేదు, చెట్టు లేదు. ఏమీ చెక్కకుండా తెల్ల బెండు పరిచి ఉంది, అంతే.

అక్క వేలు ఆగింది. "గీడ ఏం జెయ్యలేదేంది?"

"గాడ బిడ్డ కండ్లు మూసింది. మల్ల తెరవలే." అన్నాడు బావ. "నేను గూడ బయటికి జూడలే. దాని మొఖమే జూసిన. గాడ ఏమున్నదో నాకు ఎరుక లేదు."

అక్క రెండు చేతులూ ఆ తెల్లటి జాగా మీద పెట్టింది. అప్పుడు వచ్చింది ఏడుపు. అది మనిషి గొంతులాగా లేదు. ఆ చప్పుడుకు నా ఒళ్లో చిన్నోడు బెదిరి కెవ్వుమన్నాడు. వాడి ఏడుపుకు అక్క రవిక తడిసిపోవడం నా కండ్లతో చూశాను. వాణ్ని తీసుకెళ్లి ఆమె ఒళ్లో వేశాను. కొంగు ఎప్పుడు జారిందో, నేను ఎవరి ముందు నిలబడ్డానో నాకు సోయి లేదు. "బావా, జర బయటికి పోండ్రి. పిల్లగానికి పాలియ్యనియ్యిండ్రి" అన్నాను. బావతో మొఖాన మొఖం పెట్టి నేను మాట్లాడిన మొదటి మాట అదే. ఆయన తల వంచుకొని పోయాడు.

చిన్నోడు బతికాడు. కొన్నేండ్ల తర్వాత అత్త కంట్లో పొర తీయించడానికి అందరం పట్నం బయలుదేరాము. అక్కకూ నాకూ అదే మొదటి రైలు. బావ చేసినట్టే పట్టాలకు కుడి దిక్కున కిటికీ పట్టుకొని కూర్చుంది అక్క. రైలు పోతోంది గాని గుట్టలు రావు, తాటిచెట్లు రావు, అన్నీ చదును చేన్లు. "ఏవీ? ఒక్కటి గూడ కనబడదేంది?" అని అక్క గాబరాపడితే బావ మొఖం పాలిపోయింది. అబద్ధం చెక్కానని అనుకుంటుందేమోనని ఆయన భయం. అటు చూసి ఇటు చూసి, ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. "బిడ్డ కుడిచెయ్యి కిటికీ దిక్కున్నది, గది యాదికుండె, గందుకే కుడి దిక్కు చేసిన. అది ఎనుకకు తిరిగి కూసున్నది మర్చిపోయిన. ఇంటి దిక్కు మొఖం పెట్టి కూసున్నది." గుట్టలన్నీ అవతలి కిటికీలో ఉన్నాయి. అక్క లేచి అవతలికి పోయి, బిడ్డ కూర్చున్నట్టే ఇంటి దిక్కు మొఖం పెట్టి కూర్చుంది. ఒక్కో గుట్టనూ పలకరించినట్టు చూసింది. బాలానగర్‌లో సీతాఫలం కొని సగం తిని, సగం చిన్నోడికి పెట్టింది. షాద్‌నగర్ దాటగానే కండ్లు మూసుకుంది. నిద్ర అనుకొని తట్టబోయాను. "పట్నం వచ్చినంక లేపు. నా బిడ్డ చూడంది నేనెట్ల చూస్త?" అంది.

ఆ తర్వాత ఎన్నిసార్లు ఆ రైలెక్కినా అంతే. ఆమె పోయింది, బావ పోయాడు, తలుపు చెక్క చెదలు పట్టి మట్టిలో కలిసింది. ఆ చిన్నోడు ఇప్పుడు ముసలివాడు, అతని మనుమరాలే ఈ థర్మాకోల్ గుట్టల పిల్ల. ఇప్పుడది ఆ తెల్లటి జాగాను అట్లాగే వదిలేసి రైలు తిప్పుతోంది, నా మాట మీద గౌరవమో, చేతులు నొచ్చాయో. నేనూ ఆ దారిన పోతే షాద్‌నగర్ దగ్గర నా రెప్పలు వాటంతట అవే వాలిపోతాయి. కాలం ఎవరి కోసమూ ఆగదని అందరూ అంటారు. మా ఇంట్లో మాత్రం అది షాద్‌నగర్ దాకా వచ్చి, కాసేపు కండ్లు మూసుకొని, అప్పుడు పోతుంది.