పక్క సీటు బ్రేకు

డ్రైవింగు స్కూల్లో ఆమెను అందరూ బ్రేకమ్మ అనేవారు. నేర్పడానికి వాడే కార్లలో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు కంగారులో ఏ గోడకో ఎదురెళ్ళబోతే, పక్కన కూర్చున్న మాస్టరు అది తొక్కి బండి ఆపాలి. తక్కిన మాస్టర్లు పొద్దుట మొదలుపెడితే సాయంత్రం దాకా దాన్ని తొక్కుతూనే ఉండేవారు. ఆమె మాత్రం పాదం దానిమీద ఊరికే ఆనించి ఉంచేది. ముంచుకొస్తే తప్ప తొక్కేది కాదు. “నా కాలి కింద బ్రేకుందన్న సంగతి మర్చిపోండి. ఈ బండి ఆపాల్సింది మీరే” అని మొదటిరోజే చెప్పేసేది. ఆ పేరు వెటకారంగా మొదలైంది. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళు ధైర్యంగా బండి నడపడం చూశాక, అదే గౌరవంగా మిగిలిపోయింది.

ఆమె భర్త కూడా ఒకప్పుడు ఆమె దగ్గర నేర్చుకున్నవాడే. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం అతని పని. వెంట్రుకవాసి తేడాను కూడా వేలికొసతో పట్టేసే ఆ చెయ్యి, స్టీరింగు మీద పడితే మాత్రం గజగజలాడేది. పరీక్షకు వెళ్ళిన ప్రతిసారీ తప్పాడు. “లైసెన్సు రాకపోతేనేం, మేడమ్ వచ్చింది కదా” అని స్నేహితులు ఇప్పటికీ ఏడిపిస్తుంటారు. భయమేసినప్పుడల్లా అతను భార్యను మేడమ్ అనే పిలుస్తాడు. ఆమె అతన్ని “నువ్వు” అంటుంది. అత్తగారు గదిలోకి రాగానే అతను “మీరు” అయిపోతాడు. ఈ మార్పిడి అత్తగారికి తెలుసు. తెలియనట్టే ఉంటుంది.

ఆమెకు కడుపు పండింది. కొన్నాళ్ళకు, పరీక్షలకని ఆస్పత్రికి వెళ్ళినప్పుడు అక్కడి పెద్ద నర్సు ఒక మాట చెప్పింది. మొదటి కాన్పు వాళ్ళకు శనివారం సాయంత్రాలు వెనకవైపు గదిలో క్లాసులు పెడుతున్నారు. నొప్పులు ఎలా మొదలవుతాయి, ఎప్పుడు బయల్దేరాలి, ఊపిరి ఎలా తీసి వదలాలి, ఏదైనా తేడా వస్తే డాక్టర్లు ఏం చేస్తారు, అన్నీ చెబుతారు. మొగుడో, తల్లో, అత్తో, ఎవరో ఒకరు తోడు రావాలి.

“ఆలోచించుకుని చెప్తానండీ” అందామె.

బయటికొచ్చాక తనమీద తనకే చిరాకేసింది. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళెవరైనా ఆలోచించుకుని చెప్తామంటే, “ఇందులో ఆలోచించడానికేముంది?” అని అక్కడికక్కడే పేరు రాయించే మనిషి తను.

ఆ సాయంత్రం టీ తాగుతూ ఇంట్లో ఆ మాట ఎత్తింది. అత్తగారు గ్లాసు కింద పెట్టింది.

“పిల్లల్ని కనడానికి కూడా క్లాసులా! రేపు తుమ్మడానికి కూడా మాస్టర్ని పెట్టుకుంటారు కాబోలు.”

“ఊరికే చెప్పారత్తయ్యా. ఇంకా ఏమీ అనుకోలేదు.”

“ముగ్గుర్ని కన్నాను నేను. ఏ బోర్డు మీద బొమ్మలేసి చూపించారు నాకు? నొప్పులొచ్చాక అన్నీ అవే నేర్పిస్తాయి.”

“అది కాదమ్మా, ఇప్పటి పద్ధతులు వేరు కదా...” కొడుకు నసిగాడు.

“నువ్వూరుకో! గోళ్ళు తీసుకుంటూ వేలు తెగితే కళ్ళు తిరిగి పడిపోయినవాడివి. నువ్వు తోడెళ్తావా అక్కడికి? ఆ నర్సు దాన్ని చూసుకోవాలా, నిన్ను చూసుకోవాలా?”

ముగ్గురూ నవ్వారు. అక్కడితో ఆ మాట తెగిపోవాల్సింది. కానీ కాసేపటికి అత్తగారు తన కూతురితో ఫోనులో మాట్లాడుతూ, వంటింట్లో ఉన్న కోడలికి వినపడేంత గొంతుతో, “ఏం లేదమ్మా, ఇంట్లో నేనొక దాన్నుండగా ఎవరో నర్సు దగ్గర నేర్చుకుంటుందిట. అవున్లే, నాకేం తెలుసు?” అంది. ఆ చివరి మాటలో వెటకారం లేదు. అందుకే అది కోడలికి గుచ్చుకుంది.

మర్నాడు డాబా మీద బట్టలు ఆరేస్తుంటే భర్త క్లిప్పులు అందిస్తూ మెల్లగా అడిగాడు.

“అమ్మ మాటల్ని మనసులో పెట్టుకున్నావా?”

“ఆవిడ గొడవ కాదు. అంతా తెలిస్తే ఇంకా భయపడతానేమోనని.”

“నీకు భయమేంటి మేడమ్?”

“మేడమ్ అంటున్నావంటే నీకూ ఉందన్నమాట.”

అతను ఇంకో క్లిప్పు అందించాడు. ఆమెకు తన అక్క కాన్పు గుర్తుకొచ్చింది. అప్పుడు తను వరండాలో కూర్చుని ఉంది. చూసిందల్లా ఒక మూసిన తలుపు. ఆ తలుపు వెనకనుంచి వచ్చిన కేకలు తన అక్కవని నమ్మడానికి చాలాసేపు పట్టింది. తర్వాత ఎన్నిసార్లు అడిగినా, “అబ్బ, అవన్నీ ఎవరికి గుర్తు!” అని అక్క మాట దాటేసేది. కడుపులో బిడ్డ కదిలినప్పుడల్లా ఆమె కళ్ళముందుకు ఆ తలుపే వస్తోంది. దాని వెనక ఏముందో చూడాలా, కళ్ళు మూసుకుని అక్కడిదాకా వెళ్ళిపోవాలా? అదే తేలడం లేదు.

ఇలా తేలకుండానే రోజులు గడిచాయి. ఆమె పనికి వెళ్తూనే ఉంది. సీటు వెనక్కి జరపగలిగినంతా జరిపింది.

ఆ రోజుల్లో ఆమె దగ్గర నేర్చుకుంటున్నవాళ్ళలో ఒక లెక్కల టీచరుగారు ఉండేవారు. రిటైరయ్యాక, ఎవరినీ బతిమాలకుండా తన పనులు తను చూసుకోవాలని స్టీరింగు పట్టుకున్నారావిడ. తప్పుచేస్తే తన్ను తనే తిట్టుకునేవారు. ఒక పొద్దుట ఇద్దరూ బేకరీ పక్క సందులోంచి పెద్దవీధిలోకి తిరిగారు. దూరంగా ఒకామె పిల్లల బండి తోసుకుంటూ ఫుట్‌పాత్ మీద నడుస్తోంది. కారు ఠక్కున ఆగిపోయింది.

“అమ్మాయ్, ఇప్పుడు ఆపింది నేనా, నువ్వా?” అడిగారు టీచరుగారు.

“మీరేనండీ.”

“అబద్ధాలాడకు. నా కాలు ఇంకా గాల్లోనే ఉంది.”

ఆమె గతుక్కుమంది.

“మొదట్లో నువ్విలా ఉండేదానివి కాదు. నేను చెమటలు కక్కుతుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చునేదానివి. ఈ మధ్య ఎదురుగా ఏమీ లేకపోయినా తొక్కేస్తున్నావు. ఇలాగైతే నా బ్రేకు పడుతుందో లేదో నాకెప్పటికి తెలుస్తుంది?”

ఆమె కిందికి చూసింది. పొట్ట అడ్డొచ్చి పాదం కనపడలేదు. చెయ్యి సాచి తడుముకుంటే పిక్క రాయిలా బిగుసుకుపోయి ఉంది. పాదం ఇంకా బ్రేకు మీదే ఉంది, బలంకొద్దీ తొక్కుతూ. తన కాలు తనకు చెప్పకుండానే ఇంత పని చేస్తోంది! వదలమని మనసులో చెప్పింది. అది వెంటనే వదల్లేదు.

మొదటిరోజు స్టీరింగు ముందు కూర్చున్నవాళ్ళు ఇలాగే ఉంటారు. ఆగి ఉన్న కారును చూసినా బ్రేకు తొక్కుతారు, నీడను చూసినా తొక్కుతారు. ఏది మీదికొస్తుందో, ఏది రాదో తెలియక అన్నిటికీ బిగుసుకుపోతారు. వాళ్ళలో ఏ ఒక్కరికీ ఆమె “ఇంటికి పోండి, రోడ్డెక్కాక రోడ్డే నేర్పుతుంది” అని చెప్పలేదు. కూర్చోబెట్టి, ఇది క్లచ్చు, ఇది బ్రేకు, ఇదిగో ఈ అద్దంలో వెనక వచ్చేది కనపడుతుంది అని ఒక్కొక్కటీ చూపించింది. తెలిసేకొద్దీ వాళ్ళ భుజాలు కిందికి దిగడం రోజూ చూస్తూనే ఉంది.

“టీచరుగారూ, ముందు మలుపులో కుడికి తిప్పండి.”

“మనం వెళ్ళేది ఎడమకు కదా?”

“ఆస్పత్రికెళ్దాం.”

టీచరుగారి మొహం పాలిపోయింది. “అయ్యయ్యో! నొప్పులా? ఇక్కడా? నాకింకా లైసెన్సు కూడా రాలేదే!” అంటూనే కారును ఒక్క ఊపున ముందుకు ఉరికించారు.

“నొప్పులు కాదండీ! మెల్లగా! క్లాసుకు పేరు రాయించుకోవాలంతే!”

టీచరుగారు బ్రేకు తొక్కారు. కారు బుద్ధిగా రోడ్డు పక్కన ఆగింది. ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు.

“ఇది మాత్రం నేనే ఆపాను” అన్నారావిడ, కళ్ళజోడు సర్దుకుంటూ.

సాయంత్రం ఇంటికి రాగానే ఆమె చెప్పులు విప్పకముందే చెప్పేసింది.

“అత్తయ్యా, క్లాసులకు పేరిచ్చేశాను. ఈ శనివారం నుంచి.”

అత్తగారు మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. తలెత్తలేదు. “మంచిది. అన్నీ అక్కడే చెప్తారు. ఇంక నాతో పనేముంది?”

మామూలుగా అయితే కోడలు అక్కడినుంచి తప్పుకునేది. ఆరోజు తప్పుకోలేదు. వచ్చి పక్కనే కూర్చుని ఒక తువ్వాలు అందుకుంది.

“మీ మొదటి కాన్పు ఎలా జరిగిందత్తయ్యా?”

“ఎన్నిసార్లు వింటావు? ఆ రోజు కుండపోతగా వాన. మీ మామయ్య బండి కోసం వీధులన్నీ తిరుగుతుంటే...”

“వాన సంగతి కాదు. మీ సంగతి. నొప్పులు మొదలయ్యాక మీకేం జరుగుతోందో అక్కడెవరైనా చెప్పారా?”

అత్తగారి చేతులు ఆగాయి. ఆ కథలో వాన ఉంది, బండి ఉంది, మామగారి తడిసిన చొక్కా ఉంది. ఆవిడ మాత్రం ఎప్పుడూ లేదు.

“చెప్పారు” అంది. “అరవొద్దని చెప్పారు.”

“అంతేనా?”

“అంతే. నొప్పి వచ్చి పోతుంటుందని కూడా తెలీదు నాకు. మొదటిసారి తగ్గగానే అమ్మయ్య, అయిపోయిందనుకున్నా. మళ్ళీ వచ్చేసరికి ఇంక పోతున్నాననే అనుకున్నా. నా బట్టలన్నీ చెల్లెలికి ఇచ్చెయ్యమని చెబుదామంటే నోరు పెగల్లేదు.” ఆవిడ నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. “ఆ ఆకుపచ్చది మాత్రం ఇవ్వొద్దని కూడా అనుకున్నా. కొత్తది.”

“ఇదెవరికీ చెప్పలేదా?”

“ఎవరడిగారు?”

కోడలు చేతిలోని తువ్వాలు మడతపెట్టింది.

“నాకు అలా అవకూడదనే వెళ్తానంటున్నానత్తయ్యా. మీకు తెలీదని కాదు.”

“వెళ్ళు. నేను వద్దంటే మాత్రం ఆగే రకమా నువ్వు?” ఆవిడ తువ్వాలు లాక్కుని, కోడలు పెట్టిన మడత విప్పి మళ్ళీ తనకు నచ్చినట్టు పెట్టింది. “నన్ను మాత్రం రమ్మనకు. ఈ వయసులో నేలమీద పడుకుని ఊపిరి పీల్చడం నావల్ల కాదు.”

తోడు భర్తే వెళ్ళాడు. మొదటి శనివారం, పెద్ద నర్సు గుడ్డబొమ్మను పట్టుకుని బిడ్డ తల ఎలా తిరిగి బయటికొస్తుందో చూపిస్తుంటే, మంచినీళ్ళు తాగొస్తానని బయటికెళ్ళాడు. ఇంక వస్తాడో రాడో అనుకుందామె. వచ్చాడు. మొహం కడుక్కుని వచ్చి మొదటి వరసలో కూర్చున్నాడు.

రెండోసారి అందర్నీ చాపలమీద పడుకోబెట్టి, ఒళ్ళు వదిలెయ్యమని చెప్పి, నర్సు ఒక్కొక్కరినీ తాకి చూసుకుంటూ వచ్చింది. ఈమె దగ్గరికొచ్చి ఆగింది.

“మనిషి ఇక్కడే ఉంది, ఈ కాలు మాత్రం ఎక్కడికో బయల్దేరింది.”

కుడికాలు చాప మీద లేని బ్రేకును తొక్కుతోంది.

“మేడమ్ ఉద్యోగం అలాంటిదండీ” అన్నాడు భర్త.

“అయితే మీ ఉద్యోగం ఇదే. నొప్పి వచ్చినప్పుడు ఆమెకు ఇది తెలియదు. మీరు పట్టుకుని చూసి చెప్పాలి.”

ఆ పని అతనికి దొరికినందుకు అతని మొహం వెలిగిపోయింది. అద్దం అంచును తడిమే వేలికొసతో ఆమె పిక్కను తడిమేవాడు. “బిగుసుకుంది”, “వదిలావు”, “అబ్బే, ఇంకొంచెం” అనేవాడు. కొన్ని వారాలకు ఆమె ఏదో ఆలోచనలో పడిందని కూడా కాలు చూసే పోల్చుకోగలిగాడు. కారులో కూడా తేడా వచ్చింది. టీచరుగారు సందులోంచి పెద్దవీధిలోకి తనే తిరిగి, తనే ఆగి, ఆ తర్వాత పక్కకు చూసేవారు. పక్క సీటు మనిషి కిటికీలోంచి చూస్తూ ఉండేది.

క్లాసు ఉన్న ప్రతి సాయంత్రం అత్తగారు, పెద్ద ఆసక్తి లేనట్టు గిన్నెలు సర్దుతూ, “ఇవాళేం కథలు చెప్పిందా నర్సు?” అనేది. ఆమె చెప్పేది. గిన్నెల చప్పుడు ఆగిపోయేది.

నొప్పులు ఒక ఎండ మధ్యాహ్నం మొదలయ్యాయి. అత్తగారు సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి తొందరపెడుతుంటే, “ఇంకా వేళ ఉందత్తయ్యా. కూర్చుని టీ తాగండి” అని ఆమె గోడ పట్టుకుని నడుస్తూ నొప్పికీ నొప్పికీ మధ్య ఎడం చూసుకుంది. ఆ ఎడం తగ్గాకే బయల్దేరారు. అక్కడినుంచి అన్నీ క్లాసులో చెప్పిన వరసలో జరగలేదు. చెప్పినదానికంటే ఎక్కువసేపు పట్టింది, ఎక్కువ నొప్పీ పెట్టింది. కానీ ఏది వచ్చినా, దానిపేరు ఆమెకు తెలుసు. అది వచ్చి, పెరిగి, తగ్గుతుందనీ తెలుసు.

పాప పుట్టడానికి కాస్త ముందు సంగతి ఇది. భర్త ఒక చేత్తో ఆమె చెయ్యీ, ఒక చేత్తో పిక్కా పట్టుకుని ఉన్నాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు, అయినా నిలబడే ఉన్నాడు.

“మేడమ్, కాలు.”

“నోర్ముయ్ నువ్వు!” అని గట్టిగా అరిచిందామె. అరుస్తూనే కాలు వదిలింది.

తలుపు అవతల వరండాలో, ఇంకెవరి తాలూకో ఒకావిడ నిట్టూర్చి, “ఏమిటమ్మా ఆ అరుపులు, కాస్త ఓర్చుకోవచ్చుగా?” అంది.

“అరవనివ్వండి!”

అత్తగారి గొంతు. వరండా అంతా ఒక్కసారి సద్దుమణిగింది.

“నోరు మూసుకుని పళ్ళు బిగబట్టుకుంటే ఒళ్ళంతా బిగుసుకుపోతుంది. గొంతు తెరిచి ఊపిరి వదలాలి. ఎంత గట్టిగా అరవాలనిపిస్తే అంత గట్టిగా అరవొచ్చు. క్లాసులో చెప్పారు మాకు.”

లోపల ఆమెకు ఆ ‘మాకు’ స్పష్టంగా వినపడింది. నవ్వొచ్చింది గానీ, నవ్వడానికి వ్యవధి లేదు. తర్వాతి నొప్పి బయల్దేరింది. అది దూరంనుంచి వస్తుండటం ఆమెకు తెలుస్తూనే ఉంది. పిక్కమీద భర్త వేళ్ళు కదల్లేదు. చెప్పాల్సిన అవసరం అతనికి రాలేదు. ఆమె గొంతు బాగా తెరిచి, దాన్ని రానిచ్చింది.