సున్నం పడిన ఎరువు

మొన్న సత్తెనపల్లి నుంచి వస్తుంటే బస్సు పిడుగురాళ్ల బట్టీల పక్కన ఆగిపోయింది. సున్నం ఘాటుకు పక్కసీటు అమ్మాయి ముక్కు మూసుకుంది గానీ, నాకు మా అత్తగారు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

నా ఈడువాళ్లకు చెప్పక్కర్లేదు, మా వైపు గోడకీ, గొడ్లచావిడికీ, చెట్టు మొదలుకీ అన్నిటికీ సున్నమే; ఎక్కడ పురుగు కనిపిస్తే అక్కడ గుప్పెడు చల్లడం మా మామగారికి చేతి అలవాటు. అత్తగారికేమో నారుమళ్లే లోకం. ఆవిడ పోసిన వంగనారు, మిరపనారు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కళ్లు మూసుకుని పట్టుకుపోయేవాళ్లు. నేను కాపురానికి వచ్చిన కొన్నేళ్లకు ఆ పేరుకే ముప్పొచ్చింది. ఆవిడకు వరసకు మరిదయ్యే పక్కూరి రైతు మా వంగనారు నాటితే చేనంతా వడిలిపోయింది, మొక్క పీకి చూస్తే వేళ్లనిండా బుడిపెలు. కంటికి కనిపించని నులిపురుగులు మా మడి మట్టిలోంచే వెళ్లాయని తేలాక ఆయన మా గడప తొక్కడం మానేశాడు. మళ్లీ యేడు కూడా ఇలాగే అయితే అత్తగారు నారు పోయడం మానుకోవాల్సిందేనని ఇంట్లో అందరికీ తెలుసు.

వ్యవసాయాఫీసులో పనిచేసే ఒకమ్మాయి మేలుచేసే బాక్టీరియా పొడి ఇచ్చి, చివికిన పశువుల ఎరువులో కలిపి నీడన తడి ఆరకుండా ఉంచితే అవి పెరుగుతాయని, మడిలో వేస్తే వేళ్ల చుట్టూ చేరి నులిపురుగుల్ని అణిచిపెడతాయని ఓపిగ్గా చెప్పింది. అత్తగారు తడి గోనెలు కప్పి ఆ కుప్పను బాలింతను చూసుకున్నట్టు చూసుకున్నారు. తీరా విత్తనం చల్లే ముందు గోనె తీస్తే కుప్పంతా తెల్లగా ఉంది. చీమలు కనిపించాయని మామగారు, పాపం సాయం చేద్దామనే, బుట్టెడు సున్నం కలిపేశారు.

"ఏందయ్యా నువ్వు చేసింది? అందులో ఉన్నయ్యి ప్రాణమున్నయ్యని ఆ పిల్ల చెప్పిందిగా, సున్నం ఘాటుకు అయ్యీ చచ్చుంటయ్యి!" అని ఆవిడ అరిస్తే, "పురుగు చావాలనేగా ఈ తిప్పలన్నీ, నేనూ అందుకేగా చల్లింది" అన్నారాయన.

అదను దాటిపోతోంది. ఆ ఎరువే వేసి నారు పోసేసినా అడిగేవాళ్లు లేరు. ఆవిడ మాత్రం కుప్పంతా పారబోయించి, మళ్లీ పొడి తెచ్చి మొదటికొచ్చారు. ఆగలేనివాళ్లు నారుకోసం వేరేచోటికి పోతుంటే గుమ్మంలో నిలబడి చూశారే గానీ ఆపలేదు. ఆ గుండెధైర్యం నాకు ఈనాటికీ అబ్బలేదు. మామగారు ఆ కొత్త కుప్పకు తానే కాపలా ఉండి, చీమ కనిపిస్తే గోటితో ఏరేవారు.

నారు ఎదిగాక ఆవిడ నాలుగు మొక్కలు తడిగుడ్డలో చుట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆ మరిది ఇంటికి వెళ్లారు. వాకిట్లోనే చెంబునీళ్లతో వేళ్లు కడిగి ఆయన చేతిలో పెట్టారు. తెల్లటి వేళ్లు, ఒక్క బుడిపె లేదు. ఆయన తిప్పి తిప్పి చూసి, "చేను పోతే పోయింది వదినా, నువ్వొచ్చి ఒక్కమాట అడగలేదని చానా మంటగా ఉండింది నాకు" అన్నాడు. అత్తగారు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. ఆ యేడు ఆయన చేనుకు మా నారే వెళ్లింది.

ఇప్పుడా బాక్టీరియా సీసాల్లో దొరుకుతోంది, నారు ట్రేలలో లారీలెక్కి వస్తోంది. మంచిదే, రైతుకు ఎంతో సుఖం. నారు చెడితే మాత్రం ఎవరి మీద అలగాలో రైతుకు తెలియదు; ఎవరి వాకిట్లోకి వెళ్లి వేళ్లు కడిగి చూపించాలో అమ్మినవాడికీ తెలియదు.