కాయిల్ మార్చిన రోజు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నాకు అక్కడ మోటారు షెడ్డు ఉండేది. ఒక పొద్దున కోడుమూరు వైపు నుంచి ఒక భూస్వామి కారు వచ్చింది. ఆయన తల్లిని మంత్రాలయం తీసుకుపోవాలి. పది మైళ్లు పోతే చాలు, ఇంజను తడబడి, దగ్గి, నిలిచిపోతోంది. కాసేపు ఆగితే మళ్లీ బాగానే నడుస్తోంది.

డ్రైవరు ముప్పయ్యేళ్లవాడు. వాళ్ల పల్లెలో చర్చి పక్క గుడిసెల్లో పుట్టి, కూలిపని చేసుకుంటూ బండి నేర్చుకున్నవాడు.

"కాయిల్ పోయినట్టుండాది అన్నా. వేడెక్కితే ప్లగ్గులకు కరెంటు ఇయ్యడం ల్యా," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. పదిహేనేళ్లుగా ఇంజన్లు విప్పుతున్నవాణ్ణి. కూలోడు నాకు చెప్పేదేంది?

ప్లగ్గులు విప్పాను. నాలుగూ మసిపట్టి ఉన్నాయి. కొత్తవి బిగించి, ఒక తీగ మాత్రం ఊడదీసి పట్టుకున్నాను.

"కాయిల్ పోయిందన్నావు గదా. దీని కొన పట్టుకో. కరెంటు వస్తాండాదో లేదో నువ్వే చెప్పు."

స్క్రూడ్రైవరుతో చూడొచ్చు. అది నా చేతిలోనే ఉంది.

వాడు యజమాని వైపు చూశాడు. ఆయన నవ్వుతూ, "పట్టుకోరా, చస్తావా ఏంది?" అన్నాడు.

పట్టుకున్నాడు. ఇంజను తిప్పాను. వాడు ఎగిరిపడ్డాడు. మోచెయ్యి బానెట్ అంచుకు కొట్టుకుని చీరుకుపోయింది. షెడ్డులో అందరం నవ్వాం. నేనే ఎక్కువ నవ్వాను.

"వస్తాండాదా?"

"వస్తాండాది అన్నా. ఇంజను వేడెక్కినాక సూడాల," అన్నాడు, రక్తం తుడుచుకుంటూ.

కాయిల్ మార్చకుండానే పంపించేశాను.

మధ్యాహ్నం బస్సులో మనిషి వచ్చాడు, కారు కోడుమూరు ఇవతల ఆగిపోయిందని, ఈసారి ఎంతసేపు ఆగినా నడవడం లేదని. షెడ్డులో ఉన్న ఒక కాయిల్ పట్టుకుని అదే బస్సులో పోయాను. చెట్టు లేని రోడ్డు. ముసలమ్మ లోపలే కూర్చుని ఉంది. వాడొక్కడే కారును వెనక నుంచి తోస్తున్నాడు. చెప్పుల్లేవు. తారు మెత్తబడి కాళ్లకు అంటుకుంటోంది. యజమాని గొడుగేసుకుని, కిటికీలోంచి ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని పక్కనే నడుస్తున్నాడు.

బానెట్ ఎత్తి కాయిల్ మీద చెయ్యి పెట్టాను. కాలింది. మార్చాను. ఇంజను తడబాటు లేకుండా పలికింది.

"ఏమప్పా, పొద్దున్నే ఎందుకు మార్చలేదు?" అన్నాడు యజమాని.

వాడు నా వైపు చూశాడు. నిజం చెబుతాననే అనుకున్నాడు.

"రోగం ఏందో డ్రైవరు సరిగ్గా చెప్పల్యా సామీ," అన్నాను.

యజమాని గొడుగు మడిచి దాంతోనే కొట్టాడు. మూడు దెబ్బలకు ఊచ విరిగింది. వాడు తలకు చేతులు అడ్డం పెట్టుకున్నాడు. తాళం లాక్కుని, యజమాని తనే నడుపుకుంటూ పోయాడు. వాడు కోడుమూరు వైపు నడిచాడు. నేను బస్సు కోసం నిలబడ్డాను.

పది రోజుల తర్వాత వాడు నా షెడ్డుకొచ్చాడు, మోచేతికి గుడ్డ కట్టుకుని.

"అన్నా, యాడా పని దొరకడం ల్యా. దొంగబుద్ధోడని ఊర్లో చెప్పినాడు ఆయన. ఏ పనైనా చేస్తా."

నాకు ఆ నెలలో మనిషి అవసరం శానా ఉండింది. ఇంజను రోగం వాడంత బాగా పట్టేవాడు కర్నూల్లో ఇంకొకడు దొరకడని కూడా తెలుసు. కానీ రోజూ వాడి ముఖం చూస్తూ పని చెయ్యడం నా వల్ల కాదనిపించింది.

"ఈడ పని లేదు, పో," అన్నాను.

"సరే అన్నా," అని, గడప దగ్గర దారికడ్డంగా పడున్న టైరును పక్కకు జరిపి, వెళ్లిపోయాడు.