మసీదు గుమ్మటానికి బెల్లం నీళ్లు

నా దస్తూరీ బాగోదు, రాతలో తప్పులుంటాయి, ఏమనుకోకండి. కాగితం మీద రాసిస్తే మనవరాలు ఫోటో తీసి ఇక్కడ పెడుతోంది.

నిన్న సాలూరులో మా పాత మసీదు ముందు లారీ ఆగింది. ఫైబరుతో చేసిన కొత్త గుమ్మటం దింపారు. ఇద్దరే మోసేశారు.

ఇప్పుడున్న గుమ్మటానికి సున్నం మెత్తింది మా నాన్న. నా ఈడువాళ్లకి గానుగ సున్నం గుర్తుండే ఉంటుంది. ఎద్దు తిరుగుతుంటే రాతి చక్రం కింద సున్నం, ఇసుక మెత్తగా నలిగేవి. పక్కన కుండలో కరక్కాయలు, బెల్లం నానుతూ పులిసిన వాసన వచ్చేది. నాన్న ఆ నీళ్లు నాలుక మీద వేసుకుని, "సాలు, ఇంక పొయ్యి" అనేవాడు. నేను సున్నంలో పోసేవాడిని. గులకరాయితో రుద్దిన గోడలో మా మొహాలు కనిపించేవి.

మసీదు పనులు చూసే మస్తాను నా చిన్ననాటి స్నేహితుడు. "పాతది పడగొట్టకు బావా" అన్నాను మెల్లగా.

"ఏటి సేద్దుం బావా? వానొస్తే నమాజులో నెత్తి మీద కారతాది. సిమెంటు పూస్తే నిలవడం నేదు. ఆ సున్నం పాళ్లు నువ్వు సెప్పు, లారీ ఇప్పుడే ఎనక్కి పంపేస్తాను."

ఎంత బెల్లం, ఎన్ని కరక్కాయలు అని నాన్నని ఒక్కసారీ అడగలేదు. ఆ వగరు తీపి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది, పాళ్లు మాత్రం తెలియవు.

శుక్రవారం నమాజయ్యాక పగలగొడతారు. మీ ఇళ్లలో ఎవరికైనా తెలిస్తే ఆలోపే జవాబు రాయండి.