రిమార్కుల గడిలో బాలమ్మ పేరు

ఆ వార్త నాకు మొదట తెచ్చింది మా ఆయా యాదమ్మ. తెలంగాణ రాష్ట్రం వచ్చిన నాలుగో ఏడు, మాఘమాసం, శనివారం పొద్దున. అప్పుడు నేను చౌటుప్పల్ దగ్గర మా ఊళ్లో అంగన్‌వాడీ టీచర్ని. పిల్లల్ని ఇళ్ల నుంచి తోలుకురావడం, వంట చేయడం ఆయా పని. ఆటపాటలు, తూకాలు, రిజిస్టర్లు టీచరు పని. ఆ రోజు యాదమ్మ వచ్చీరాగానే చీపురు పక్కన పెట్టి నా ముందు నిలబడింది.

"టీచరమ్మా, కోపం జెయ్యకు. నీ మనుమరాలు బువ్వ తిన్నదట."

"ఎప్పుడు?"

"బుధారం నాడు. మీ వియ్యపురాలు మంద కాడ తినవెట్టిందట. మూతంత పూసుకొని ఒకటే నవ్వుడట పిల్ల. వాడంత తెల్సు, నీకే తెల్వదు."

నేను ట్రేలో గుడ్లు సర్దుతున్నాను. ఒక గుడ్డు చేతిలోనే చిట్లింది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో గుడ్డు పగలగొట్టడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు.

ఇది చదివేవారికి మా పద్ధతి కొంచెం చెప్పాలి. ఆరు నెలలు నిండేదాకా పసిపిల్లకు తల్లిపాలే, చుక్క నీళ్లు కూడా వద్దు. నిండిన రోజు నుంచి పాలతో పాటు మెత్తటి తిండి రెండు మూడు చెంచాలు మొదలుపెట్టాలి. ముందు పెట్టినా తప్పే, ఆలస్యం చేసినా తప్పే. దీన్ని ఊరందరికీ గుర్తు చేయడానికి నెలకొకసారి కేంద్రంలో అన్నప్రాశన చేస్తాం. సూపర్‌వైజర్ మేడం వస్తారు, బ్యానర్ కడతాం, ఫొటో తీసి ఫోన్‌లో పైకి పంపుతాం. "ఇది నలుగురికి తెల్వడానికి. మీ పిల్లకు నిండిన రోజే ఇంట్ల మొదలువెట్టుండ్రి, కార్యక్రమం దాకా ఆగొద్దు" అని ప్రతి తల్లికీ చెప్పేదాన్ని.

చెప్పనిది ఒక్కరికే, నా బిడ్డ స్వరూపకు. దానితో, "వచ్చే శుక్రవారం దాకా ఏం వెట్టకు. సెంటర్ల నా చేతులతోని వెడత" అన్నాను.

దానికి కారణం ఉంది. స్వరూప మొదటి ముద్ద నేను చూడలేదు. అప్పుడు ఉద్యోగం కొత్త. ఆ రోజే ప్రాజెక్టు ఆఫీసులో నెలవారీ మీటింగు పడింది, సెలవు అడగడానికి నోరు రాలేదు. ముహూర్తం దాటుతుందని మా అత్తమ్మే పెట్టేసింది. నేను బస్సు దిగి వచ్చేసరికి దాని మూతి కూడా తుడిచేశారు. తరువాత ఎంతమంది ఇళ్లకు వెళ్లి పిల్లలకు మొదటి ముద్ద పెట్టించానో, అంతమంది అది మింగేటప్పుడు పెట్టే ముఖం చూశాను. నా బిడ్డది తప్ప. మనుమరాలు శ్రీనిధి పుట్టినప్పుడు నరసింహస్వామి పటం ముందు నేను అడిగింది ఒక్కటే, ఈ ముద్ద నా చేతి మీదుగా జరగాలని. వెండి గిన్నె కొన్నాను. పట్టు పరికిణీ కుట్టించాను.

అది బాలమ్మ చేతి మీదుగా జరిగిపోయింది.

బాలమ్మ మా అల్లుని తల్లి. స్వరూపను మా ఊళ్లోనే పైవాడకు ఇచ్చాం. మాదీ వాళ్లదీ గొర్లకాపరుల కుటుంబాలే. భజనలో కూర్చుని అక్షరాలు నేర్చుకున్న మా బాపు నన్ను ఇంట్లోనే దేవుని పటాల ముందు కూర్చోబెట్టి చదివించి, ఏడో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాయించాడు. ఆ చదువుతోనే ఉద్యోగం వచ్చింది. ఆయన రుణం తీరేది కాదు. బాలమ్మకు చదువు లేదు. కానీ పిల్ల ఏడిస్తే ఆమె భుజం మీదికి పోయేది, నా దగ్గర ఊరుకునేది కాదు. ఇద్దరం ఒకచోట ఉంటే శ్రీనిధి చూపు ఎటు తిరుగుతుందోనని నేను లెక్కపెట్టుకునేదాన్ని. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, దేవునికి కూడా.

ఆ శనివారం పిల్లలు వెళ్లాక గృహసందర్శన రిజిస్టరు, వేలాడదీసే తూకం సంచిలో వేసుకుని మంద దగ్గరికి నడిచాను. బాలింతల ఇళ్లకు వెళ్లి సలహా చెప్పడాన్ని మేము గృహసందర్శన అంటాం. నేను సలహా చెప్పడానికి పోవడం లేదు, తగవుకు పోతున్నాను. చేతిలో రిజిస్టరు ఉంటే తగవు కూడా డ్యూటీలాగే కనిపిస్తుంది.

రియల్ ఎస్టేట్ వాళ్లు పాతిన ప్లాటు రాళ్ల మధ్య ఖాళీ జాగాలో వాళ్ల మంద ఉండేది. బాలమ్మ వేపచెట్టు కింద కూర్చుని ఉంది. ఒళ్లో శ్రీనిధి. పక్కన స్వరూప నన్ను చూసి లేచి నిలబడింది.

"ఏం వదినా, గంత పెద్ద పుస్తకం వట్టుకొచ్చినవ్?" అంది బాలమ్మ. "మా గొర్లను గూడ రాసుకుంటవా? రాసుకో, వాటికి గూడ గుడ్లు ఇప్పియ్యి."

నేను నవ్వలేదు. "ఆర్నెల్లు నిండకుంట ఏం వెట్టొద్దని ఊరంత తిరిగి చెప్తున్న. నా ఇంట్లనే గిట్ల జేస్తే నా మాట ఎవరింటరు?"

"నిండలేదా?"

"శుక్రవారం అని చెప్పిన గద!"

"శుక్రవారం నీ ఫంక్షను వదినా. పిల్లకు ఎప్పుడు నిండినయో జర పుస్తకం జూసి చెప్పు. నాకైతే లెక్క రాదు."

తెరిచాను. పుట్టిన తేదీ నా చేతిరాతే. ఆరు నెలలు నిండింది సోమవారం. బాలమ్మ పెట్టింది బుధవారం. నాకు లెక్క తెలియక కాదు, లెక్క చూడాలనుకోలేదు. కార్యక్రమం రోజునే ఆరు నెలలు నిండే రోజుగా మనసులో రాసేసుకున్నాను. ఇంకో తల్లి ఇలా పదకొండు రోజులు ఆపితే నేను ఊరుకునేదాన్ని కాదు.

మాట మార్చడానికి పిల్లను తూచాను. వేపకొమ్మకు తూకం తగిలించి, జోలెలో వేసి, ముల్లు నిలిచాక చూశాను. పోయిన నెల ఎంతుందో అంతే. పెరుగుదల చార్టులో గీత పైకి పోకుండా అడ్డంగా పోయింది. అలాంటి గీత కనిపిస్తే తల్లిని పక్కన కూర్చోబెట్టి ఏం పెడుతున్నావని అడగాలి, అది మా నియమం. ఇక్కడ ఏమీ పెట్టొద్దని చెప్పింది నేనే.

స్వరూప అప్పుడు నోరు విప్పింది. "అమ్మా, ఆ రోజు ఆయనకు కంపెనీల డ్యూటీ లేకుండె. మామ గూడ ఊరికి పోలే. అందరం గీ చెట్టు కిందనే తింటున్నం. పిల్ల మా చేతుల దిక్కే జూస్తూ నోరు తెరుస్తాంది. గిన్నె మీదికి ఉరుకుతాంది."

"గా మొఖం జూసినంక చెయ్యి ఆగుతదా వదినా?" అంది బాలమ్మ. "జొన్నగటక మెత్తగ మెదిపి వేలుతోని వెట్టిన. మా ఆయన ఎన్నేండ్లకో పాట వాడిండు. మళ్ల అందరం గట్ల ఒక్కతాన ఎప్పుడు కూసుంటమో!"

"నాకెందుకు చెప్పలే?" అని బిడ్డను అడిగాను.

"నువ్వు వెండిగిన్నె కొనుక్కున్నవని" అంది అది, తల వంచుకుని.

నియమం తప్పింది నేనని తెలిసినా నాకు సిగ్గు కంటే కుళ్లే ఎక్కువ కలిగింది. ఆ బుధవారం మధ్యాహ్నం వాళ్లందరూ ఆ చెట్టు కింద ఉన్నారు. నేను అరమైలు దూరంలో, కార్యక్రమానికి పిల్లల జాబితా రాసుకుంటూ ఉన్నాను. పిల్లను చూసి నా బిడ్డ స్వరూప నవ్విన నవ్వు కూడా ఆమే చూసింది.

బాలమ్మ గిన్నెలో గటక, అదే జొన్నరవ్వ సంకటి, మెదిపి నా ముందు పెట్టింది. "కూసో వదినా, నువ్వు వెట్టు." నేను చెయ్యి చాపబోతే పట్టుకుంది. "ముందుగాల చేతులు గడుక్కో. ఊరందరికి నువ్వే జెప్తవ్ గద, సబ్బువెట్టి గడుక్కోమని." స్వరూప కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాక్కూడా నవ్వు ఆగలేదు. కడుక్కుని వచ్చి పెట్టాను. శ్రీనిధి నా ముద్దను నాలుకతో బయటికి నెట్టేసింది. అదే గటక బాలమ్మ పెడితే మింగింది. మూడోసారికి నా వేలు కూడా పట్టుకుని చప్పరించింది. ఆ ముఖం చూశాను. అది మొదటి ముద్ద ముఖం కాదు, ఏ నాలుగో రోజు ముఖమో. దక్కినంత దేవుని దయ అనుకున్నాను.

శుక్రవారం కార్యక్రమం జరిగింది. వెండిగిన్నెలో పాయసం పెట్టాను, ఫొటో దిగాం. తరువాత మేడం రిజిస్టరు తనిఖీ చేశారు. అందులో అదనపు ఆహారం మొదలుపెట్టిన తేదీకి ఒక గడి ఉంటుంది. శ్రీనిధి పేరుకెదురుగా బుధవారం తేదీ వేశాను. ఎవరు పెట్టారో రాయడానికి గడి లేదు. రిమార్కుల గడిలో "బాపమ్మ (తండ్రి తల్లి) బాలమ్మ పెట్టినది. టీచరు ఆలస్యం చేసినది" అని రాసి సంతకం పెట్టాను. మేడం చదివి, ఇవన్నీ ఇక్కడ ఎందుకమ్మా, కొట్టేయండి అన్నారు. జరిగినదే రాశాను మేడం, ఉండనివ్వండి అన్నాను. ఆమె నా ముఖం చూసి పక్కన ఇంకు చుక్క పెట్టి పేజీ తిప్పారు. ఆ నెలాఖరుకు చార్టులో గీత పైకి లేచింది.

రిటైరయ్యాక ఆ రిజిస్టరును కొత్త టీచరుకు అప్పగించాను. ఈ సంఘటన నాకు నేర్పింది ఇది: తేదీ మనం వేసుకున్నంత మాత్రాన పిల్ల ఆకలి ఆ తేదీ దాకా ఆగదు, ఇంటివాళ్లందరూ ఒకచోట కూర్చోవడం మళ్లీ ఆ తేదీకి జరగదు. ఆ మధ్యాహ్నం మీద నా అసూయ ఇప్పటికీ పోలేదు. పోయిందని రాస్తే అబద్ధమవుతుంది.

బాలమ్మ కాలం చేసి రెండేళ్లయింది. ఆ ఒక్క గడిలో తప్ప ఆమె పేరు ఏ పుస్తకంలోనూ లేదు. మీ ఇంట్లో పసిపిల్ల మీ చేతి వైపు చూసి నోరు తెరిచిన రోజున, చేతులు కడుక్కుని, మొదటి ముద్ద పెట్టే ముందు, మా బాలమ్మ వదినను ఒకసారి తలుచుకోండి.