మా వదిన చిలగడదుంప చిప్స్

పర్చూరు దగ్గర మా ఊళ్లో కారం తినని మనిషిని చూస్తే జనం జాలిపడతారు. రెండేళ్లుగా ఆ జాలి నా మీద పడుతోంది. కడుపులో పుండు పడిందని, పచ్చళ్లు, వేపుళ్లు, కారాలు మానెయ్యమని గుంటూరులో డాక్టరుగారు చెప్పిన దగ్గర్నుంచి పెరుగన్నంతో, పెసరకట్టుతో కాలక్షేపం చేస్తున్నాను. మధ్యాహ్నం బడిలో క్యారేజీలు విప్పినప్పుడు తోటి టీచర్లు నా గిన్నె వైపు చూసి, ఒంట్లో ఎలా ఉందండీ అని అడుగుతారు. ఒంట్లో బాగానే ఉంటుంది. గిన్నెలోనే బాగుండదు.

మా అన్నయ్య వాళ్ల ఇల్లు మా ఇంటి పక్కనే. మధ్యలో నడుమెత్తు గోడ. వదిన అన్నయ్యతో పాటు మిరపచేనుకి వెళ్తుంది, కోతలప్పుడు కూలీలతో సమానంగా కాయ కోస్తుంది, సాయంత్రం వచ్చి వంట చేస్తుంది. ఎండుమిరపకాయ విరిచి వాసన చూసిందంటే ఏ కూరకి ఎన్ని వెయ్యాలో చెప్పేస్తుంది. ఆమె చేతి కారం గురించి మా చర్చిలో కూడా చెప్పుకుంటారు.

కిందటి చలికాలంలో గుంటూరులో డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి ఇంటికొస్తూ మూడు చిప్స్ పొట్లాలు తెచ్చింది. చిలగడదుంపతో చేసినవి, నూనెలో వేయించకుండా కాల్చినవి, కాబట్టి అమ్మ తినొచ్చు అని దాని లెక్క. ఒకటి చీజ్, ఒకటి టమాటా, ఒకటి పెరి పెరి. వసారాలో మూడూ విప్పి పళ్లేల్లో పోశాం. గోడ అవతల బట్టలారేస్తున్న వదిన కూడా వచ్చి కూర్చుంది.

చీజ్‌ది నోట్లో వేసుకుని, పాలపొడి డబ్బా అడుగు గీకి చల్లినట్టుందని తేల్చింది. టమాటాది తీపి మీద ఇంకో తీపి పూసినట్టుందంది. అందులో మాత్రం నాకూ ఆమెకీ మాట కలిసింది. పెరి పెరి పొట్లం మీద ఎర్రటి మంటల బొమ్మ వేసి ఉంది. వదిన ఆశగా నాలుగు ఒకేసారి నమిలింది.

"పేరు రెండుసార్లు పెట్టారు గానీ, కారం ఒక్కసారన్నా వెయ్యలేదే," అంది.

నాకు మాత్రం ఆ పాటి కారానికే నాలుక చివర చురుక్కుమంది. ఆ మాట పైకి అనలేదు. ఇంతకంటే మంచివి తాను ఇంట్లోనే చేస్తానని వదిన ఆ పూటే పంతం పట్టింది.

మా నల్లరేగడి నేల పత్తికి, మిరపకి మంచిది గానీ చిలగడదుంపకి ఇసుక కావాలి. అందుకని అన్నయ్య చీరాల వైపు ఉన్న స్నేహితుడి దగ్గర్నుంచి అరబస్తా దుంపలు తెచ్చిపెట్టాడు. రెండో శనివారం, నాకు సెలవు. దుంపలు తరగడం నా పని, వేయించడం వదిన పని. మొదటి వాయి బొగ్గయిపోయింది. దుంపలో తీపి ఉంటుంది కదా, నూనె బాగా కాగితే లోపల వేగకముందే పైన మాడిపోతుంది. రెండో వాయి మెత్తబడింది. ముక్కల్ని కాసేపు నీళ్లలో నానబెట్టి, పాత చీర మీద ఆరబెట్టి, సన్నసెగన వేయిస్తే మూడో వాయి కరకరలాడింది.

ఐదు పళ్లేలు పెట్టింది. ఒకదాంట్లో ఉత్త ఉప్పు. మిగతా నాలుగింట్లో ఉప్పుకారం, వెల్లుల్లి కారం, కరివేపాకు కారం, గోంగూర కారం. మా అమ్మాయి వెల్లుల్లికి ఓటేసింది. అన్నయ్య అన్నీ తిని అన్నీ బాగున్నాయన్నాడు కాబట్టి అతని మాట లెక్కలోకి తీసుకోలేదు. నేను ప్రతిదాంట్లో గోరంత ముక్క కొరికి మజ్జిగ తాగుతూ వచ్చాను. వదిన నా మొహంలోకే చూస్తోంది.

పిల్లల నోటుపుస్తకాలు దిద్దీ దిద్దీ నాకొక పాడు అలవాటైంది. బాగున్నదాని మీద టిక్కు పెట్టి ఊరుకోను, బాగోనిదాని కింద గీత గీస్తాను.

"ఉప్పుది బాగుంది వదినా. మిగతా నాలుగూ ఒకటే, ఉత్త కారం. లోపల దుంపకి బదులు అట్టముక్క వేయించినా తెలీదు," అన్నాను.

వదిన పళ్లేలు ఒకదాని మీద ఒకటి పెట్టడం మొదలుపెట్టింది.

"నీకేం తెలుసులే అమ్మాయ్ మా ఇంటి రుచి. రెండేళ్లయింది నువ్వు మా ఇంట్లో ముద్ద తిని," అంది.

గొంతు పెంచకుండానే అంది. ఆమె గొంతు పెంచని సందర్భాలు నాకు ఎక్కువ గుర్తు లేవు.

నాలుగు రోజులు గోడ దగ్గర మాటల్లేవు. నేను ఆలోచిస్తూనే ఉన్నాను. డాక్టరుగారు చెప్పిన కొత్తలో, వదిన కూర పంపబోతే వద్దన్నాను. ఆదివారం భోజనానికి పిలిస్తే వద్దన్నాను. మూడోసారి నుంచి ఆమె పిలవడం మానేసింది. ఆమెకి శ్రమ తప్పించానని నేననుకున్నాను. తన చేతి వంటే పనికిరాకుండా పోయిందని ఆమె అనుకుందని నాకు తట్టలేదు.

ఐదోనాడు బడి నుంచి వస్తూనే భుజాన సంచీతో సహా వాళ్లింట్లోకి వెళ్లాను. వదిన పొయ్యి దగ్గర ఉంది.

"వదినా, కారం లేకుండా ఏదైనా చేసి పెట్టు. తింటాను," అన్నాను.

పప్పులో గరిటె తిప్పుతూనే, "కారం లేకుండా నాకు వండటం రాదమ్మాయ్. వచ్చుంటే రెండేళ్ల కిందటే పెట్టేదాన్ని," అంది.

అయితే ఇద్దరం కలిసి నేర్చుకుందామన్నాను. మిగిలిన దుంపలు తీసి తరిగాం. వాము పొడి చల్లితే పసిపిల్లల కడుపునొప్పి మందులా ఉంది. ఎండబెట్టిన పుదీనా చల్లితే, పొద్దున్నే పళ్లు తోముకున్నట్టుందని వదిన పక్కకి నెట్టేసింది. మిరియాలు బాగానే ఉన్నాయి గానీ నా కడుపు ఒప్పుకోలేదు. చివరికి వేయించిన జీలకర్ర, మామిడి ఒరుగులు కలిపి దంచి, ఉప్పుతో చల్లింది. ముందు పులుపు తగిలింది, ఆ వెనకే దుంప తీపి వచ్చింది. నేను గుప్పెడు తిన్నాను. వేపుళ్లు వద్దన్న డాక్టరుగారికి ఆ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

వదిన కూడా ఒకటి తిని, ఇంకోటి తిని, మూడోది నములుతూ, బాగానే ఉంది గానీ ఏదో తక్కువైందంది. ఏం తక్కువైందో ఇద్దరికీ తెలుసు. నవ్వుకున్నాం.

ఆ ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం టీకి వదిన రెండు డబ్బాలు పట్టుకొచ్చింది. ఒకదాంట్లో వెల్లుల్లి కారం, రెండోదాంట్లో జీలకర్ర. వెల్లుల్లి డబ్బా పది నిమిషాల్లో ఖాళీ అయింది. వదిన నా వైపు ఒక చూపు చూసింది. ఓడిపోయానని ఒప్పుకున్నాను.

రెండో డబ్బా కోసం వెతికితే అది వెనక బెంచీ మీద దొరికింది. ముగ్గురు పెద్దవాళ్లు దాన్ని మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. ఎవరికీ అందించే ఆలోచనలో ఉన్నట్టు లేరు. అందులో అందరికంటే పెద్దావిడ, ఒకప్పుడు మాకు సండేస్కూలు పాటలు నేర్పినావిడ, బుగ్గన పెట్టుకుని నానబెట్టి తింటోంది.

"ఎవరు చేశారమ్మా? ఎన్నాళ్లకో నోటికి ఒకటి తగిలింది," అంది.

వాళ్లు ముగ్గురూ కూడా డాక్టర్ల మాట మీద కారం మానేసినవాళ్లే. ఒకామె నాకంటే ముందు, నాలుగేళ్ల కిందటే మానేసిందట. ఇంట్లోవాళ్లకి రెండు వంటలు చెప్పడం ఇష్టంలేక మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటోందట. ఊరు మొత్తానికి నేనొక్కదాన్నే అనుకుని ఇన్నాళ్లూ నా మీద నేను జాలిపడ్డాను.

ఇంటికి నడిచి వస్తున్నంతసేపూ వదిన వాళ్ల గురించే మాట్లాడింది. పెద్దావిడకి పళ్లు లేవు కాబట్టి ముక్కలు ఇంకా పల్చగా తరగాలంది. వాళ్లు పొద్దున్నే ఏం తింటారో కనుక్కోమని నాకు పని చెప్పింది.

ఇప్పుడు ఆదివారాలు నా భోజనం అన్నయ్య వాళ్లింట్లోనే. వదిన పప్పులో మిరపకాయలు వెయ్యకముందే నాకు కొంచెం పక్కకి తీసి, అందులో జీలకర్ర, ఇంగువ తాలింపు పెడుతుంది. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని, ఇది ఇంకా వంట కాలేదమ్మాయ్ అని ప్రతిసారీ అంటుంది. నేను మారు వడ్డించుకుంటాను.