పెద్దసారు నిలబడని చోటు

ఆ కంపెనీలో ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె చెవుల పిన్ని. అక్కడ చెవి మిషన్లు తయారుచేస్తారు. తయారైన ప్రతి మిషన్నీ పెట్టెలో పెట్టేముందు తన చెవికి పెట్టుకుని, బాగుందో లేదో చెప్పడం ఆమె ఉద్యోగం. గోడలకి మందపాటి గుడ్డ కొట్టిన చిన్న గదిలో కూర్చుని "ఆ, ఈ, ఊ, మ్, ష్, స్" అని తనకి తానే చెప్పుకుంటుంది. "స్" శుభ్రంగా వినబడితే పచ్చ బుట్ట, గీరినట్టు వినబడితే ఎర్ర బుట్ట. కొత్తగా చేరినవాళ్ళు తలుపు సందులోంచి చూసి, ఈవిడకేమైనా తేడా చేసిందా అని పక్కవాళ్ళని అడిగేవారు. ఆర్నెల్లు పోయాక వాళ్ళే వచ్చి, పిన్నీ ఇది కాస్త విని పెట్టవూ అని బతిమాలుకునేవారు.

ఆ గదీ, ఆ శబ్దాలూ పెద్దసారు పెట్టిన పద్ధతి. పెద్దసారంటే కంపెనీ పెట్టినాయన. శబ్దం కొలిచే మీటర్లు ఎన్ని కొన్నా సరే, మనిషి చెవి విన్నాకే సరుకు గేటు దాటాలన్నది ఆయన పట్టుదల. మోటారు సైకిళ్ళు బాగుచేసే షెడ్డు వెనక రెండు బల్లలు వేసుకుని మొదలుపెట్టాడు. అప్పట్లో చెవి మిషనంటే గొప్పవాళ్ళ వస్తువు. మామూలు ఇళ్ళల్లో ఎవరికైనా చెవుడొస్తే వాళ్ళని ఓ మూల కూర్చోబెట్టి, కేకలేసి తిండి పెట్టి ఊరుకునేవారు. దాన్ని అందరికీ అందే వస్తువు చేసింది ఈయనే. పాడైతే పారేయకుండా విప్పి బాగుచేసుకునేలా కూడా చేశాడు. ఇవాళ ఏ బస్సెక్కినా ఇద్దరు ముగ్గురి చెవుల వెనక ఆ గోధుమరంగు ముక్క కనిపిస్తుంది. ఆయన మీద ఎవరికెంత కోపమున్నా, ఈ మాట మాత్రం ఒప్పుకుని తీరాలి.

పిన్నికైతే ఒప్పుకోవడమేమిటి, ఆ ఋణం ఎముకల్లో ఉంది. ఆమె తండ్రి వడ్రంగి. రంపపు మిషను పక్కన బతుకంతా గడిపి చెవులు పోగొట్టుకున్నాడు. ఆఖరికి ఎవరితోనూ మాట్లాడటం మానేసి, గోడకేసి తిరిగి కూర్చునేవాడు. షెడ్డుకి బల్లలు చేసి ఇచ్చింది ఆయనే కాబట్టి పెద్దసారు ఓ రోజు ఇంటికొచ్చి, తన చేత్తో మిషను ఆయన చెవికి తగిలించి, పిన్నిని ఏదైనా మాట్లాడమన్నాడు. ఏం మాట్లాడాలో తోచక ఆమె "నాన్నా, నీళ్ళు కావాలా" అంది. ఆయన గోడ వైపునుంచి ఇటు తిరిగి చూసి, "నీ గొంతు అచ్చం మీ అమ్మ గొంతులా ఉందే" అన్నాడు. ఆమెకి గొంతు ముదిరినప్పటినుంచీ ఆయన ఆ గొంతు విననే లేదు మరి. మర్నాడే పిన్ని ఆ షెడ్డులో పనికి చేరింది.

ఇంత మేలు చేసిన మనిషికి ఆ బుద్ధి ఎందుకు పుట్టిందో ఆ పైవాడికే తెలియాలి. కోపిష్టివాడంటే సరిపెట్టుకోవచ్చు, ముక్కు మీద కోపం చాలామందికుంటుంది. ఈయనది వేరే రకం. అమ్మిన మిషను పాడై తిరిగొచ్చిందా, దాని మీద రంగు చుక్క ఉంటుంది, ఏ చుక్క ఎవరి బల్లదో అందరికీ తెలుసు. శనివారం సాయంత్రం పని దిగాక అందరినీ ముంగిట్లో పోగుచేసేవాడు. ఆ బల్లవాడు అందరికీ ఎదురుగా నిలబడాలి. మూగబోయిన ఆ మిషన్ని ఒక చెవిలో బిగించుకుని, రెండో చెవిలో మైనం దూది కుక్కుకోవాలి. వెనకనుంచి పెద్దసారు మామూలు గొంతుతో ఏదో ఒకటి అనేవాడు. ఏమన్నానో చెప్పమనేవాడు. వాడికి వినబడదు కదా, నీళ్ళు నమిలేవాడు. ఎదురుగా ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. నీకే వినబడంది డబ్బు పోసి కొన్నవాడికి ఎలా వినబడుతుందిరా అని ఆఖర్న ముందుకొచ్చి అడిగి, అందరినీ ఇంటికి పంపేవాడు. దానికి నిలబడటం అని పేరు.

మొదట్లో వాడి పని గురించే అనేవాడు. నవ్వులు రుచి మరిగాక వాడి నడక, వాడి ఇల్లు, వాడి పెళ్ళాం, అన్నీ వచ్చేవి. టంకం పెట్టే పనిలో అందరికంటే నెమ్మదస్తుడు ఒకడుండేవాడు, టంకం తమ్ముడనేవాళ్ళు, నోట్లో నాలుక లేని మనిషి. అతన్ని నిలబెట్టిన రోజు పెద్దసారు ఏమన్నాడో ఇక్కడ రాయక్కర్లేదు. తర్వాత అతను ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, నా గురించి ఏమన్నాడని అడిగాడు. ఏ ఒక్కరికీ చెప్పడానికి నోరు రాలేదు. వారం తిరక్కుండా పని మానేశాడు. ఇప్పుడు వంతెన కింద గొడుగులు బాగుచేసుకుంటున్నాడు.

పోనీ, న్యాయం అందరికీ ఒకటేనా అంటే అదీ కాదు. ఒకసారి బ్యాటరీ మూత కింద స్ప్రింగు సన్నది వేయమని పెద్దసారే మార్చాడు. ఆ సరుకు పెట్టెలకి పెట్టెలు తిరిగొచ్చింది. ఆ శనివారం ఎవరూ పిలవకుండానే అందరూ ముంగిట్లోకి వచ్చి నుంచున్నారు. ఈయన నిలబడతాడేమోనని చూశారు. కాసేపటికి కాపలావాడొచ్చి, ఇవాళ ఏమీ లేదట, పొమ్మన్నారు అన్నాడు. సోమవారానికి లావు స్ప్రింగులు వచ్చేశాయి. దాని గురించి ఎవరూ కిక్కురుమనలేదు.

ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఇప్పుడు కుర్చీలో చిన్నసారు, అంటే కొడుకు. మంచివాడు. తండ్రిలా ఒంటికాలి మీద లేవడు, పిన్ని గదికొస్తే తలుపు తట్టి వస్తాడు. కానీ ఈ ఏడాది తిరిగొచ్చిన సరుకు ఎక్కువైంది, అతనికి అదొక దిగులు. నాన్న పద్ధతులు వదిలేయబట్టే ఇలా అయిందని అతని మనసులో పడింది. ఏడాది సభ పెద్దగా చేద్దామనీ, సరుకు కొనే వర్తకుల్ని పిలుద్దామనీ, ఆ రోజు నిలబడటం మళ్ళీ మొదలుపెడదామనీ నిర్ణయించాడు. వెనకనుంచి మాట్లాడే పని, అందరికంటే పాతమనిషి కాబట్టి, పిన్నిది.

ఆ మాట చెప్పి, తిరిగొచ్చిన వాటిలోంచి ఒక మిషన్ని ఏరి పిన్ని చేతిలో పెట్టాడు. దాని మీద పసుపు చుక్క ఉంది. పసుపు చుక్క ఆమె కోడలిది.

పిన్ని ఆ చుక్కని గోటితో ఒకసారి గీకి చూసింది. కోడల్ని ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టింది తనే. ఇంట్లో ఇద్దరికీ ఉప్పూ నిప్పూలా ఉంటుంది, గిన్నె ఎక్కడ బోర్లించాలన్న దగ్గర కూడా పేచీయే. ఫ్యాక్టరీలో మాత్రం అలా కాదు. కోడలి చేతి టంకం చూస్తే పిన్నికి కడుపు నిండిపోయేది, ఆ సంగతి కోడలికి తప్ప అందరికీ చెప్పేది. ఈ మిషన్లో తప్పు కోడలిదేనని కూడా చూడగానే తెలిసింది. ఒక అతుకు సరిగ్గా కరగలేదు. అలాంటిది కొత్తలో బాగానే పలుకుతుంది, చెమట తగిలిన కొన్నాళ్ళకి మూగబోతుంది. ఏ చెవికీ ముందు దొరకదు.

పిన్ని అతనికి నచ్చజెప్పాలని చూసింది. కోడలు కాబట్టి అంటోందనుకుంటాడేమోనని ఒక జంకు. పోయినాయన మీద కొడుకు దగ్గర చెడు చెప్పడమెలాగని ఇంకో జంకు. అది మంచి పద్ధతి కాదు బాబూ, మనుషులు బాధపడేవాళ్ళు అని మాత్రం అనగలిగింది.

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"అదేంటి పిన్నీ, అందరూ ఎంత నవ్వేవాళ్ళు. నేను చిన్నప్పుడు పైన కిటికీలోంచి వినేవాణ్ణి కదా. వారమంతా నాన్న మొహంలో నవ్వుండేది కాదు. ఆ ఒక్క సాయంత్రమే మన ముంగిట్లో సందడిగా ఉండేది."

పిన్ని తలెత్తి ఆ కిటికీకేసి చూసింది. పాపం, ఆ కిటికీలోంచి నిలబడినవాడి వీపు తప్ప మొహం కనబడదు.

ఆ సాయంత్రం వంటింట్లో కోడలికి చెప్పక తప్పలేదు. కోడలు గిన్నెలు కడుగుతూ, చేతులాపకుండా అంతా వింది. ఏడుస్తుందనుకుంది పిన్ని, ఏడవలేదు.

"తప్పు నాదే అత్తయ్యా, కాదనను. నిలబడమంటే నిలబడతాను, మీ మాట పోనివ్వను. కానీ మర్నాటినుంచి ఆ గేటు లోపలికి రాను. ఇంట్లో కూడా మీ మొహం చూడగలనో లేదో నాకు తెలీదు. వెనకనుంచి మీరేం అన్నారోనని బతుకంతా అనుకుంటూనే ఉంటాను."

ఏమీ అనను, ఊరికే ఆ ఈ ఊ అంటాను అని పిన్ని సర్దిచెప్పబోయింది. నాకు వినబడదు కదా, నాకెలా తెలుస్తుంది అంది కోడలు. అదీ నిజమే. పిన్ని కొడుకు బస్సు డ్యూటీ దిగి వచ్చేసరికి అత్తాకోడళ్ళిద్దరూ చెరో గదిలో ఉన్నారు. ఇవాళ దేని మీద గొడవొచ్చిందని అడిగి, ఎవరూ పలక్కపోయేసరికి తన కంచం తనే పెట్టుకున్నాడు.

సభ రోజు ముంగిలంతా కుర్చీలు. ముందు వరసల్లో వర్తకులు, వెనక పనివాళ్ళు, గోడకి పెద్దసారు ఫోటో. మాట్లాడినవాళ్ళందరూ ఆయన్ని ఆకాశానికెత్తేశారు. ఆయన దయ అన్నారు, ఓర్పు అన్నారు. ఓర్పు అన్నప్పుడు వెనక వరసలో ఎవరికో దగ్గొచ్చింది. పిన్నికి ఒళ్ళు మండిపోయింది. ఉన్న మంచి చెబితే చాలదా, లేనిది అంటించడమెందుకు? ఆయన చేసిన మిషను మీద ఒక్కరైనా సరిగ్గా మాట్లాడలేదు.

ఆఖర్న చిన్నసారు లేచి, నాన్నగారి పద్ధతిని మళ్ళీ మొదలుపెడుతున్నామని చెప్పి, పసుపు చుక్క బల్లవాళ్ళని రమ్మన్నాడు. కోడలు లేచింది. తల వంచుకోకుండా నడిచొచ్చి నిలబడింది. కొంగు చివర మాత్రం వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. పిన్ని దగ్గరికెళ్ళి, కోడలి కోసం ఉంచిన మిషన్నీ దూదినీ చేతిలోకి తీసుకుంది.

"చిన్నసారూ, ముందు మీరు నిలబడండి. ఇదెలా ఉంటుందో మీకూ తెలియాలి కదా" అంది.

అది కార్యక్రమంలో భాగమే అనుకున్నారు వర్తకులు, చప్పట్లు కొట్టారు. అతనూ సరదాపడి, నవ్వుతూ వచ్చి నిలబడ్డాడు. పిన్ని ఒక చెవిలో మిషను బిగించింది. రెండో చెవిలో దూది కుక్కింది. వెనక్కి వెళ్ళింది. మైకు ఇవ్వబోతే వద్దంది. పనివాళ్ళలో ఒక్కరూ కదల్లేదు.

ఆమె అతని వీపుతో మాట్లాడలేదు. పైన ఫోటోకేసి చూస్తూ మాట్లాడింది.

"సారూ, మా నాన్న గోడకేసి కూర్చుంటే మీరొచ్చి ఇటు తిప్పారు. ఆ పని దేవుడు కూడా చేయలేదు, మీరు చేశారు. కానీ అందరికీ చెవులిచ్చిన మనిషి, సొంత మనుషుల్ని చెవిటివాళ్ళని చేసి నిలబెట్టి నవ్వించారు. మేమూ నవ్వాం, మీరంటే భయంతో నవ్వాం. స్ప్రింగు తప్పినప్పుడు మీరు కూడా ఒక్కసారి ఇక్కడ నిలబడి ఉంటే, ఎవరికీ కష్టంగా ఉండేది కాదు. మీరు నిలబడలేదు సారూ."

ముందు వరసలవాళ్ళు వెనక్కి చెప్పారు, వెనకవాళ్ళు ఇంకా వెనక్కి చెప్పారు. ఎవరూ నవ్వలేదు. చిన్నసారు మొహంలో నవ్వు మొదట అలాగే ఉంది, తర్వాత కొంచెం కొంచెంగా జారిపోయింది. అందరి పెదాలూ కదులుతున్నాయి, అందరూ తననే చూస్తున్నారు, ఏమిటో తెలీదు. ఒకరి మొహంలోంచి ఇంకొకరి మొహంలోకి వెతుక్కున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ మొహాన్ని పాతవాళ్ళందరూ గుర్తుపట్టారు, అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఆ మొహం పెట్టుకున్నవాళ్ళే.

"ఏమన్నారు? నా గురించేనా?" అని గట్టిగా అడిగాడు. చెవులు మూసుకుపోయినవాళ్ళు అలాగే అరుస్తారు.

ఎవరూ చెప్పలేదు. పిన్ని తిరిగి ముందుకొచ్చింది. తన చేత్తో దూది తీసింది, మిషను తీసింది. ఆ మాటలన్నీ అతని మొహంలోకి చూస్తూ, ఒక్కటీ వదలకుండా మళ్ళీ చెప్పింది. ఉద్యోగం పోయిందనే అనుకుంది.

చిన్నసారు ఒకసారి పైకి, ఆ కిటికీకేసి చూశాడు. తర్వాత కోడలికేసి తిరిగి, నెమ్మదిగా అన్నాడు.

"ఇది ఎక్కడ పోయిందో నాకు చూపిస్తావా అమ్మా? ఇక్కడ కాదు. నీ బల్ల దగ్గర."

సభ దానంతటదే చెదిరింది. వర్తకులు టీల దగ్గరికి వెళ్ళారు. లోపల బల్ల దీపం కింద వాళ్ళు ముగ్గురే. కోడలు మిషను విప్పి, భూతద్దం అతని చేతికిచ్చి, వేలు పెట్టి చూపించింది.

"ఇదిగో సార్, ఈ అతుకు. వేడి చాలకుండానే తీసేశాను. తప్పు నాదే. ఆ వారం అన్నీ తొందరగా లాగించేశాను, ఇలాంటివి ఇంకా ఉంటాయి. అవన్నీ వెనక్కి తెప్పించండి, నేను చేసి ఇస్తాను."

తిరిగొచ్చిన సరుకు గురించి ఇన్నేళ్ళలో, అడక్కుండా నోరు విప్పి ఇంకా ఉన్నాయని చెప్పినవాళ్ళు లేరు. నిలబడతామన్న భయంతో ఉన్నవి కూడా దాచుకునేవాళ్ళు. చిన్నసారు స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు, ఏ వారం సరుకని అడిగాడు.

పిన్ని గుమ్మం దగ్గరే ఉండిపోయింది. పెద్దసారు పోయిన రోజు ఆమెకి ఏడుపు రాలేదు, అందరూ వింతగా చూశారు కూడా. ఇప్పుడు వచ్చింది. ఇంత చిన్న పని, స్టూలు లాక్కుని పక్కన కూర్చుని అడగడం, అంత తెలివైన మనిషికి బతికినన్నాళ్ళూ తోచలేదే అని, ఆయన మీద జాలేసి ఏడ్చింది.